సినిమాలో లేని బిడ్డ

మా అత్తమ్మ ఒక సినిమా చూసి వస్తే మా వీధి ఆడవాళ్ళందరూ చూసినట్టే లెక్క. మధ్యాహ్నం అంట్ల పని అయ్యాక, మన్సూరాబాద్‌లో మా ఇంటి వరండా మెట్ల మీద వచ్చి కూర్చునేవాళ్ళు. ఆమె పేర్లు పడే దగ్గర మొదలుపెట్టి చివరిదాకా చెప్పేది. హీరోయిన్ ఏ చీర కట్టింది, పాటలో వాన అసలుదా గొట్టాలతో పోసిందా, విలన్ ఇంట్లో సోఫా ఏ రంగు, ఏదీ వదిలేది కాదు. ఏడవాల్సిన చోట గొంతు సన్నగా చేసి ఏడిపించేది. తర్వాత ఆ సినిమా చూసి వచ్చినవాళ్ళు కూడా ఆమె చెప్పిందాంట్లో తప్పు పట్టలేదు. ఆమె జ్ఞాపకం అంత గట్టిది. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో మగవాళ్ళు ఆ జ్ఞాపకానికే పిచ్చి అని పేరు పెట్టారు.

తెలంగాణ గొడవ బాగా ముదిరిన చలికాలం అది. నేనూ మా ఆయనా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవాళ్ళం. ఆయన చరిత్ర, నేను లెక్కలు. పరిచయం అక్కడే, ప్రేమ అక్కడే. వాళ్ళది కృష్ణా జిల్లా. మామయ్య సర్కారు ఉద్యోగం మీద ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుని ఇక్కడే రిటైరయ్యారు. మాది నల్లగొండ వైపు పల్లె. మా నాన్న లారీ నడుపుతూ మమ్మల్ని సరూర్‌నగర్‌కి తెచ్చాడు, నేను అక్కడే పెరిగాను. రెండిళ్ళలోనూ నానా రభస అయ్యాకే మా పెళ్ళి జరిగింది. జరిగిన కొత్తలోనే ఊరు రెండుగా చీలింది.

సెంటర్ మూతపడింది. ఉద్యోగాల నోటిఫికేషన్లు ఆగిపోయాయి, హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. పిల్లల్లో సగంమంది ఊళ్ళకి పోయారు, సగంమంది రోడ్డు పక్క దీక్షా టెంట్లలో కూర్చున్నారు. ఎల్బీనగర్ చౌరస్తా టెంటులో మా నాన్న కూడా మెడలో కండువా వేసుకుని కూర్చునేవాడు. మా ఇంట్లో టీవీ పెడితే యుద్ధం. "రాష్ట్రం వేరైతే మమ్మల్నందరినీ మూటాముల్లె సర్దుకుని పొమ్మంటారా?" అని మామయ్య గట్టిగా అడిగేవారు. అడగడం టీవీనే, చూపు మాత్రం నా వైపు. మా ఆయనే "ఎవరూ పొమ్మనరు నాన్నా, వాళ్ళడిగేదాంట్లో న్యాయం ఉంది" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఇతన్ని చేసుకుని మంచి పని చేశాననుకునేదాన్ని.

అత్తమ్మకి ఈ గొడవ పట్టేది కాదు. "రాష్ట్రం ఎవరికొస్తే ఏం, పప్పు నేనేగా ఉడకెయ్యాలి" అనేది. ఆమెను నేను అత్తమ్మా అనేదాన్ని, మా ఇళ్ళల్లో పిలిచినట్టు. "అత్తయ్యగారూ అనాలమ్మా" అని మామయ్య ఒకసారి దిద్దబోతే, "అందులో అమ్మ అని ఉందండీ, ఉండనివ్వండి" అని ఊరుకోబెట్టింది.

అప్పుడు నాకు నాలుగో నెల. వేవిళ్ళు ఇంకా వదల్లేదు. బంద్ లేని ఒక రోజు పొద్దున అత్తమ్మ చీర మార్చుకుని వచ్చి, "అమ్మాయ్, ఇంట్లో ఉంటే ఈయన వార్తలు వినాలి. పద, మార్నింగ్ షోకి పోయొద్దాం" అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో హాలు సగం ఖాళీగా ఉంది. పెద్ద హీరోల సినిమాలైతే ఆంధ్రావాళ్ళవని ఆపేస్తున్నారు. ఇది ఎవరైనా పనిగట్టుకుని ఆపేంత పెద్దది కాదు. పోస్టర్ మీద ఒక ఆడమనిషి గోడకి చెవి ఆనించి నిలబడి ఉంది, అంతే.

కథ చిన్నదే. ఒకామెకి జబ్బు చేసి నయమవుతుంది. గాలి మార్పు అని మొగుడు ఆమెను తమ పాత ఇంటికి తీసుకొస్తాడు. అక్కడ అతని తల్లి ఒక్కతే ఉంటుంది. పగటిపూట ఆ ఇంట్లో ఎక్కడినుంచో పసిబిడ్డ ఏడుపు వినబడుతూ ఉంటుంది. ఈమెకి తప్ప ఎవరికీ వినబడదు. అత్తను అడిగితే, "నీ మొగుడి తర్వాత ఈ ఇంట్లో పసిపిల్ల లేదు" అంటుంది. మొగుడు డాక్టరుకి ఫోన్ చేసి మందు మార్పిస్తాడు. ఆమె గోడగోడకీ చెవి పెట్టి వింటుంది. సామాన్ల గదిలో పైకప్పుకి ఉయ్యాల కొక్కెం కనబడుతుంది. చివరికి గోడ పగలగొడుతుంది. గోడ వెనక చిన్న గది ఉంటుంది, అందులో ఏమీ ఉండదు. ఆమె ఆ ఉత్త గదిలో కూర్చుని, ఒళ్ళో ఏదో ఉన్నట్టు చేతులు పెట్టుకుని ఊగుతుంది. గుమ్మంలో నిలబడ్డ అత్త ఆమెను చూస్తూ చూస్తూ తనూ కొంచెం ఊగుతుంది. తెర నల్లబడిపోతుంది. బిడ్డ ఉందో లేదో, అత్తకి తెలుసో తెలియదో చెప్పనే చెప్పరు.

ముందు వరసలో ఒకతను "అయిపోయిందా? గిదేం సినిమారా నాయనా!" అని అరిచాడు. జనం నవ్వుకుంటూ లేచారు. అత్తమ్మ లేవలేదు. ఊడ్చేవాళ్ళు లోపలికి వచ్చేదాకా ఆ నల్లటి తెరనే చూస్తూ కూర్చుంది. ఆటో ఎక్కి ఇంటికి బయల్దేరాం. చౌరస్తాలో టెంటు ముందు ఊరేగింపు అడ్డం వచ్చి ఆటో ఆగిపోయింది. నినాదాలు చెవులు చిల్లులు పడేట్టు ఉన్నాయి. మామూలుగా అయితే తల బయటపెట్టి చూసే మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉంది. నాకు నీరసంగా ఉండి పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ బంద్ వచ్చింది. బస్సుల్లేవు, దుకాణాల్లేవు, మెయిన్ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. కరెంటు కూడా పోయింది. మా పై పోర్షన్‌లో నల్లగొండ వైపు కుటుంబం కిరాయికి ఉండేది. ఆ అక్క పళ్ళెంలో అనపకాయలు వేసుకుని ఒలుచుకుంటూ దిగి వచ్చింది. వెనకాలే ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు.

"ఏంది ఆంటీ, సినిమా చూసొచ్చి గన్ని రోజులాయె, కథ చెప్తలేరు. మంచిగ లేదా?" అంది అక్క.

"బాగుందో బాలేదో నాకే తెలీలేదమ్మా" అంది అత్తమ్మ. అని, కాసేపు అనపకాయలు ఒలిచి, మొదలుపెట్టింది.

ఎప్పటిలాగే చెప్పింది. పాత ఇల్లు, పగటిపూట ఏడుపు, మొగుడు మందు మార్పించడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఉయ్యాల కొక్కెం కనబడే దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మారింది. సన్నబడలేదు. ఏడిపించే గొంతు కాదది. కూరగాయల బేరంలా, పొడిగా ఉంది.

"ఆ కొక్కెం చూసేసరికి ఆ పిల్లకి అంతా గుర్తొస్తుంది. ఆమెకి తల్లి లేదు కదా, పురుడు అత్తగారింట్లోనే పోశారు. వానలు, ఊరి దారి మునిగిపోయింది. మంత్రసానే దిక్కు. ఆడపిల్ల పుట్టింది. గ్రహణం మొర్రి. పై పెదవి ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా" అని తన ముక్కు కింద వేలు పెట్టి చూపించింది, "చీలింది. మంత్రసాని చూసి గుడ్డ కప్పేసింది. అత్తగారు వచ్చి, గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చున్నావా అని అడిగింది. ఆ పిల్ల ఆవేళ పక్కకి కూడా తిరక్కుండా పడుకుంది. చెప్పింది. ఎవరూ నమ్మలేదు."

"అయ్యో" అంది అక్క.

"బిడ్డకి పాలు కుడవడం రాలేదు. పెదవి పట్టు దొరకదు కదమ్మా. తాగినవి ముక్కులోంచి వచ్చేసేవి. దూదితో పిండితే మాత్రం చప్పరించేది. బాగానే చప్పరించేది. మర్నాడు అత్తగారు వచ్చి, స్నానం పోసి తెస్తానని ఎత్తుకుపోయింది." అత్తమ్మ చేతిలో కాయ తెరిచి గింజలు పళ్ళెంలో వేసింది. "తేలేదు."

"సచ్చిపోయిందా?"

"పోయిందన్నారు. నువ్వు నిద్రపోతుంటే పాతిపెట్టేశాం, పచ్చి బాలింతవి చూడకూడదు అన్నారు. కానీ ఆ మధ్యాహ్నం పెరటి వైపు నుంచి ఏడుపు వినబడింది. ఆ ఏడుపు మామూలు పిల్లల ఏడుపులా ఉండదు, ముక్కులోంచి వస్తుంది. పొరబడడానికి లేదు."

"మరి గామె మొగుడేమన్నడు ఆంటీ?"

"మొగుడు పేపరు చదువుకుంటున్నాడు."

లోపల హాల్లో అప్పటిదాకా వినబడుతున్న పేపరు చప్పుడు ఆగింది. మామయ్య గుమ్మంలోకి వచ్చి, "కరెంటు వచ్చింది. ఇక లేవండి" అన్నారు. కరెంటు రాలేదు. వీధిలో ఎవరింట్లోనూ రాలేదు. అయినా అందరూ లేచారు.

వంటింట్లోకి వెళ్ళి అడిగాను. "అత్తమ్మా, ఆ గ్రహణం మొర్రి బిడ్డ సంగతి సినిమాలో ఎక్కడుంది? నేను చూడనేలేదు."

"నువ్వు ఇంటర్వెల్లో వాంతికని వెళ్ళి ఆలస్యంగా వచ్చావుగా. అప్పుడొచ్చింది" అని పళ్ళెం కడగసాగింది.

నేను ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. అదే నన్ను పట్టుకుంది. నేనే చూడలేదా, లేక అసలు సినిమాలోనే లేదా? అది తేలకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. అమ్మ దగ్గరికి సరూర్‌నగర్ వెళ్తున్నానని చెప్పి, ఎల్బీనగర్ వైపు ఒక హాల్లో అదే సినిమా ఆడుతుంటే ఒక్కదాన్నే వెళ్ళాను. ఇంటర్వెల్లో సీట్లోంచి కదల్లేదు. తలుపులు మూసి లైట్లు ఆర్పినప్పటినుంచి రెప్ప వేయకుండా చూశాను. నేను మొదటిసారి చూడకుండా పోగొట్టుకున్నది, ఆ ఇంటి కోడలు దుప్పట్లు మడతపెట్టే సీను ఒక్కటే. పురుడు లేదు, మంత్రసాని లేదు, మొర్రి లేదు. పేపరు చదివే మొగుడూ లేడు. ఆ సినిమాలో మొగుడు పేపరు ముట్టుకోనే లేదు.

ఆ సాయంత్రం మా ఆయన డాబా మీద బట్టలు తీస్తున్నాడు. నేనూ వెళ్ళి, తాడు మీద చీర మడతపెడుతూ అడిగాను.

"నీకంటే ముందు అత్తమ్మకు ఒక బిడ్డ పుట్టిందా?"

అతను ఉలిక్కిపడతాడనుకున్నాను. పడలేదు. ఒక చొక్కాకి క్లిప్పు తీసి జేబులో వేసుకుని, "అమ్మ నీతో కూడా అందా?" అన్నాడు.

"నీతోని ఎప్పుడన్నది?"

"చిన్నప్పుడు ఒకసారి. నీకు అక్క ఉందిరా, తీసుకుపోయారు అంది. నేను భయపడి నాన్నని అడిగాను. నన్ను కన్నాక అమ్మకి మతి స్థిమితం తప్పిందని, లేనివి ఉన్నట్టు అనుకుంటుందని చెప్పారు. డాక్టర్ల చుట్టూ తిప్పారు పాపం ఆయన. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటుంది కదా."

"బీపీ మాత్రలన్నరు నాకు."

"బీపీవి కూడా ఉన్నాయి."

పెళ్ళయినప్పటినుంచి రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక మంచినీళ్ళ గ్లాసు పక్కన ఆ మాత్రలు పెడుతున్నది నేనే.

"నువ్వు నమ్మినవా?" అన్నాను.

"నాన్న ఎందుకు అబద్ధం చెబుతారు?"

"అత్తమ్మ ఎందుకు చెప్తది మరి? క్లాసుల ఆధారం లేకుండ ఒక్క ముక్క ఒప్పుకోవు నువ్వు. ఊళ్ళె ఎవరినన్న అడిగినవా? మంత్రసాని ఉండె, మీ మేనత్త ఉన్నది. ఒక్కసారన్న అడిగినవా?"

అప్పుడు అతను నా వైపు తిరిగి, నెమ్మదిగా, ఎప్పుడూ నాతో మాట్లాడని గొంతుతో అన్నాడు: "చూడు, ఇది మా ఇంటి విషయం. మీవాళ్ళలాగా ప్రతిదానికీ రోడ్డు మీద టెంటు వేసుకుని కూర్చోం మేము."

మీవాళ్ళు. ఆ మాట మామయ్య ఎన్నిసార్లన్నా నాకు తగల్లేదు. ఆ ఇంట్లో మావాళ్ళ తరఫున మాట్లాడిన ఒకే ఒక్క మనిషి, తన తల్లి గురించి అడిగేసరికి నన్ను చౌరస్తా దాకా తీసుకుపోయి టెంటులో వదిలి వచ్చాడు. నేను చీర మడతపెట్టి అతని చేతికిచ్చి కిందికి దిగాను. తర్వాత అతను సారీ చెప్పాడు. ఏదో కోపంలో అన్నానన్నాడు. అతనికి అప్పుడు కోపం లేదు. అది నేను చూశాను.

ఆ జనవరిలో సూర్యగ్రహణం వచ్చింది. టీవీలో ఉద్యమం వార్తలు పక్కకు పోయి, గర్భిణులు ఏం చేయకూడదో చెప్పే పండితులు వచ్చారు. మామయ్య ముందు రోజే నా గది కిటికీకి పాత పేపర్లు అంటించారు. స్వయంగా, స్టూలెక్కి, సందు లేకుండా. "పట్టినప్పట్నుంచి విడిచేదాకా కదలకుండా పడుకో తల్లీ. కత్తి ముట్టుకోకు, సూది ముట్టుకోకు. తినడం తాగడం వద్దు" అన్నారు. నాతో అంత ఆప్యాయంగా ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. నాకు ఆ నమ్మకాలు లేవు. అయినా ఆ ముసలాయన అంత శ్రద్ధగా అంటించిన పేపర్లు చూసి, ఎందుకొచ్చిన గొడవ అని పడుకున్నాను.

పట్టపగలు వెలుతురు మసకబారింది. వీధి నిశ్శబ్దంగా ఉంది. నాకు ఆకలి దంచేస్తోంది. తలుపు తీసుకుని అత్తమ్మ వచ్చింది. ఒక చేతిలో దోరగా పండిన జామకాయ, ఇంకో చేతిలో చాకు.

"లే అమ్మాయ్. ఆకలేస్తోందా?"

"వేస్తుంది అత్తమ్మా."

"కోసుకు తిను" అని రెండూ నా చేతుల్లో పెట్టింది.

తలుపు తీసి ఉంది. హాల్లోంచి మామయ్య చూశారు. ఆయన అరుపుకి మా ఆయన కూడా పరిగెత్తుకు వచ్చాడు.

"ఏమే! కడుపుతో ఉన్న పిల్ల చేతికి కత్తిస్తావా? మతి పోయిందా నీకు?"

"నేను పట్టుకోలేదండీ" అంది అత్తమ్మ. వరండా మెట్ల మీద విన్న ఆ పొడి గొంతే. "ఆవేళ నేను కత్తి పట్టుకోలేదు. మీ అమ్మ చెప్పినట్టే చీకటి గదిలో పడుకున్నాను. పక్కకి కూడా తిరగలేదు. అయినా అలాగే పుట్టింది. ఈ పిల్ల కోసుకు తింటుంది. దీనికి పుట్టేది ఎలా పుడుతుందో చూద్దాం."

ఆమె ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మీ అమ్మ ఆ బిడ్డని ఏం చేసింది?"

"ఏ బిడ్డ?" అన్నారాయన.

ఎంత తేలిగ్గా అన్నారంటే, ఒక క్షణం నాకే అనుమానం వచ్చింది. కనుబొమ్మ కదల్లేదు. గొంతు తడబడలేదు. నిజంగా ఏమీ లేనివాళ్ళు ఇలాగే అంటారు. ఏళ్ళ తరబడి అనడం అలవాటైనవాళ్ళు కూడా ఇలాగే అంటారు. ఆయన కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, అమ్మ ఇవాళ మాత్ర వేసుకుందో లేదో చూడు" అన్నారు.

నా మొగుడు లోపలికి వెళ్ళాడు. గ్రహణం పూట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్న ఇంట్లో, గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు, మాత్రల పట్టీ తెచ్చాడు. తల్లి ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆమె కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను, గ్లాసు విసిరికొడుతుందనుకున్నాను. ఏమీ చేయలేదు. మాత్ర నోట్లో వేసుకుని మింగి, గ్లాసు తిరిగి ఇచ్చింది. "ఇప్పుడు సరేనా?" అని అడిగింది.

నా చేతిలో జామకాయ ఉంది. నేను మంచం మీద లేచి కూర్చుని, వాళ్ళందరూ చూస్తుండగా ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కే నమిలి మొత్తం తిన్నాను. మామయ్య "రామ రామ" అంటూ వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఆమె పక్షాన నేను చేయగలిగింది ఆరోజు అంతే.

ఎండాకాలం చివర పాప పుట్టింది. పురుడు మా అమ్మగారింటి తరఫునే, సరూర్‌నగర్ దగ్గర ఒక దవాఖానలో. మా అమ్మ పాపను తువ్వాలులో చుట్టి పట్టుకుని కూర్చుంటే అత్తింటివాళ్ళు వచ్చారు. పసిపిల్లల్ని ఎత్తుకోవడం తనకి రాదని ఎప్పుడూ చెప్పే మామయ్య, అందరికంటే ముందు వచ్చి చేతులు చాపారు. పాపను వెలుతురులోకి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. తువ్వాలు మొహం మీదినుంచి తొలగించి, బొటనవేలుతో పై పెదవి మీద ఈ చివరినుంచి ఆ చివరికి రాశారు. మళ్ళీ రాశారు. పాప ఏడవడానికి నోరు తెరిస్తే, వంగి అంగిట్లోకి చూశారు. అప్పుడు ఊపిరి వదిలి, "బాగుంది. అంతా బాగుంది" అన్నారు.

ముక్కు ఎవరిది, రంగు ఎవరిది అని చూస్తారు ఎవరైనా. పసిదాని అంగిట్లోకి ఎవరు చూస్తారు? పెదవితో పాటు అంగిలి కూడా చీలి ఉండొచ్చని తెలిసిన మనిషి చూస్తాడు.

మంచం పక్కన నిలబడి అత్తమ్మ ఇదంతా చూసింది. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "చూశావుగా అమ్మాయ్" అంది. నేను చూశానన్నాను. ఆ తర్వాత ఆమె ఏడవలేదు, అరవలేదు. మనవరాలిని ఎత్తుకుని జోకొట్టింది. ఇంటికి వచ్చాక నేను మా ఆయనతో చెప్పాను. "తాత మనవరాలి మొహం చూసుకోవడం కూడా తప్పేనా?" అన్నాడు. అతనూ ఆ గదిలోనే ఉన్నాడు. ఆ క్షణాన ఫోనులో ఎవరికో పాప బరువు చెబుతున్నాడు.

తర్వాత కొన్నేళ్ళకి రాష్ట్రం వచ్చింది. ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు. మామయ్య తను కట్టుకున్న ఇంట్లోనే, తన వాలుకుర్చీలోనే, పేపరు చదువుకుంటూ ఇంకొన్నేళ్ళు బతికారు. గుండె ఆగి హఠాత్తుగా పోయారు. పోయేముందు ఏదైనా చెబుతారేమోనన్న ఆశ అత్తమ్మకి ఉండేదనుకుంటాను. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

కర్మలకి ఊరినుంచి ఆయన అక్క వచ్చింది. బాగా పెద్దావిడ, వీపు వంగిపోయింది. కార్యక్రమం అయిపోయి బంధువులు వెళ్ళాక, పెరట్లో తులసికోట దగ్గర నీరెండలో ఆవిడ కూర్చుని ఉంటే అత్తమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. నేను అక్కడే బట్టలు ఉతుకుతున్నాను. నన్ను పొమ్మనలేదు.

"వదినా, మీ అమ్మ పోయింది, మీ తమ్ముడూ పోయాడు. ఇప్పుడైనా చెప్పు. అదేమైంది?"

ఆవిడ చాలాసేపు చీర కొంగు అంచు సవరించుకుంది. "ఎందుకే ఇప్పుడు ఆ పాత గొడవ? ఉన్నా దానిదీ ఒక బతుకా, ఆ మొహంతో?"

"ఉన్నా అంటే? ఉందా?"

"ఉందని నేననలేదు."

"పోయిందా మరి?"

"అదీ అనలేదు. నన్నడక్కు. మా అమ్మకి మాటిచ్చాను" అని ఆవిడ గోడ పట్టుకుని లేచింది. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. ఆ ఏడాదే ఆవిడా పోయింది.

అంటే బిడ్డ పుట్టింది. అంతవరకు తేలింది. దూదితో పాలు పిండింది, పెరట్లో ఏడుపు వినబడింది, ఇవన్నీ పిచ్చి కాదు. నేను మా ఆయన ఇంటికి రాగానే కూర్చోబెట్టి, మేనత్త అన్న ప్రతి మాటా అన్నట్టే చెప్పాను. ఇంక ఏమంటాడో చూద్దామని ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యకి బాగా వయసైపోయింది. ఏం మాట్లాడుతుందో ఆవిడకే తెలీడం లేదు" అన్నాడు.

అప్పటితో అతన్ని అడగడం మానేశాను. మేము విడిపోలేదు. ఒకే ఇంట్లో ఉన్నాం, పిల్ల చదువు గురించి, ఇంటి పన్ను గురించి, పైన అద్దెకి దిగేవాళ్ళ గురించి మాట్లాడుకుంటాం. అతను ఇప్పటికీ చరిత్ర చెబుతాడు. బాగా చెబుతాడని పేరు. తండ్రి అబద్ధం ఆడాడని ఒప్పుకుంటే, తను చిన్నప్పటినుంచి తల్లికి మింగించిన ప్రతి మాత్రకీ జవాబు చెప్పుకోవాలి. అది అతని వల్ల కాదు. నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన క్షమించాలని ఎక్కడుంది?

మామయ్య పోయిన నెలలోనే అత్తమ్మ ఆ మాత్రలు మానేసింది. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. బీపీవి మాత్రం వేసుకుంటుంది. ఆమెకి ఏ పిచ్చీ ఎక్కలేదు. లేని ఏడుపులు వినబడలేదు. పొద్దున్నే లేస్తుంది, పూలు కోస్తుంది, మనవరాలికి జడ వేస్తుంది. సినిమాలు మాత్రం చూడదు. మెట్ల మీద కూర్చుని కథ చెప్పమని ఎవరైనా అడిగితే, "నాకిప్పుడు గుర్తుండటం లేదమ్మా" అంటుంది. నాకు తెలిసి ఆమె ఇప్పుడు ఆడే అబద్ధం అదొక్కటే.

ఈమధ్య ఆమెను కళ్ళ పరీక్షకి తీసుకెళ్ళాను. వరండాలో మా వంతు కోసం కూర్చున్నాం. ఎదురు గోడ మీద ఒక పోస్టర్ ఉంది. గ్రహణం మొర్రికి ఉచితంగా ఆపరేషన్ చేస్తారని, పక్కపక్కనే రెండు ఫోటోలు. మొదటిదాంట్లో పెదవి చీలిన పసిపాప, రెండోదాంట్లో అదే పాప, పెదవి మీద సన్నటి గీతతో నవ్వుతోంది. అత్తమ్మ లేచి దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు పైకి కిందికి జరుపుకుంటూ చూసింది. ఆమెకి ఆ చిన్న అక్షరాలు కనబడలేదు.

"అమ్మాయ్, కుట్టేస్తారటా?"

"అవును అత్తమ్మా."

"ఎంతసేపు పడుతుందట?"

చదివి చెప్పాను. "గంట పడుతుందట."

"గంటేనా?" అంది. వచ్చి కుర్చీలో కూర్చుంది. మా పేరు పిలిచేదాకా ఆ రెండు ఫోటోలనే చూస్తూ ఉంది.